కుళాయి నుంచి పదకొండు అంగలు

గుడి ఆఫీసు గది,
జూన్ మొదటి వారం.

అక్కకి స్తోత్రం,

ఫోనులో నీకు సగం మాటలు వినపడవు, మిగతా సగం విననట్టు ఉంటావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. కళ్లజోడు పెట్టుకుని చదువు, మనవరాలి చేత చదివించకు.

మన చిన్న ఫాదర్ నాకొక పని అప్పగించాడు. ఆయన వచ్చి రెండేళ్లే అయింది, ఇంకా ఉత్సాహం తగ్గలేదు పాపం. మన గుడీ దాని కిందున్న కుటుంబాలూ కలిసి విచారణగా ఏర్పడి వచ్చే ఏడాదితో నూరేళ్లు నిండుతాయట, దాని చరిత్ర నేను రాయాలట. "ముప్పై ఆరేళ్లుగా ఈ రిజిస్టర్లు మీ చేతిలోనే ఉన్నాయి గుమాస్తాగారూ, మీకంటే ఎవరికి తెలుసు?" అన్నాడు. పొగిడితే పడిపోయే వయసు కాదు గానీ పడిపోయాను.

అసలు సంగతి వేరే ఉంది. బిషప్ గారి ఆఫీసు వాళ్లు మన విచారణని వంతెన అవతలి పెద్ద గుడిలో కలిపేద్దామని చూస్తున్నారు. తప్పు పట్టడానికీ లేదు. చుట్టూ ఇళ్లుండే చోట ఇప్పుడు దుకాణాలు, గోడౌన్లు. నువ్వున్న రోజుల్లో మూడు వందల కుటుంబాలు, ఇప్పుడు నలభై ఆరు. ఆదివారం పూజకి మనుషుల కంటే స్తంభాలే ఎక్కువ కనిపిస్తాయి. "చరిత్ర ఉన్న గుడిని అంత తేలిగ్గా మూసెయ్యరు, మీరు రాయండి" అంటాడు చిన్న ఫాదర్. ఆయన నమ్ముతున్నాడు, నేనూ నమ్మడానికి ప్రయత్నిస్తున్నాను.

మొదటి భాగం అయిపోయింది. రైలు షెడ్డు కార్మికులు బొగ్గు గోడౌనులో మొదటి పూజ పెట్టించుకోవడం, మన గంట నిజానికి పాత రైలింజను గంట కావడం, అన్నీ వచ్చాయి. ఇక గొడుగు ఫాదర్ కాలం రాయాలి. ఇరవై తొమ్మిదేళ్లు ఏలినాయన! గోడ అవతల కాన్పుల ఆసుపత్రిలో నర్సువి కాబట్టి ఆయనతో నీకున్నంత పరిచయం ఎవరికీ లేదు. గోడలో ఉన్న చిన్న తలుపులోంచి రోజుకి ఎన్నిసార్లు ఇటు వచ్చేదానివో!

నా పేరు కూడా చరిత్రలో ఒకచోట దూర్చాను, నవ్వకు. వెనక గోడ దగ్గరుండే పాత కుళాయిని పంతొమ్మిదేళ్ల కిందట నేనే అర్జీ పెట్టి ముందు గేటు దగ్గరికి మార్పించాను కదా. అందరూ మెచ్చుకున్న పని నా జీవితంలో అదొక్కటే.

ఆ వెనక గోడ పక్క ఉన్న పసిపిల్లల సమాధుల గురించి మాత్రం ఏం రాయాలో తెలియడం లేదు. మా పాప కూడా అక్కడే ఉంది కదా. నీ మరదలు ఇప్పటికీ ఆదివారం పూజ అయ్యాక నేను పాతిన రాయి దగ్గర కొవ్వొత్తి వెలిగించకుండా ఇంటికి రాదు. నీకు తెలిసింది రాసి పంపు.

నీ తమ్ముడు.


అమ్మాయి వాళ్లిల్లు, మూడో అంతస్తు,
జూన్ చివర.

తమ్ముడికి దీవెనలు,

చరిత్రకారుడివయ్యావన్నమాట! చిన్నప్పుడు రెండు పేజీల వ్యాసం రాయమంటే నా చేత రాయించుకున్నవాడివి. ఇప్పుడూ అదే పని, వయసు మారిందంతే.

గొడుగు ఫాదర్ గురించి ఎంతని చెప్పను. ఒకసారి గుడి కప్పు కారుతుంటే, జ్ఞానస్నానపు తొట్టి మీద గొడుగు తెరిచి పట్టుకుని పాపకి జ్ఞానస్నానం ఇచ్చాడు. ఆ పాప గొడుగు కమ్మీ పట్టుకుని వదల్లేదు. చివరికి పాపనీ గొడుగునీ కలిపే తల్లి చేతికిచ్చి, "ఇది నాకు పోటీకొచ్చింది, పెద్దయ్యాక దీన్నే ఇక్కడ ఫాదర్‌గా వేయండి" అన్నాడు. ఇది రాసుకో, జనం నవ్వుతారు. కోపం వస్తే గొడుగు నేలకేసి మూడుసార్లు కొట్టేవాడు. నాలుగోసారి కొట్టడం ఎవరూ చూడలేదు, అప్పటికి అందరూ పారిపోయేవాళ్లు. పాతకాలం మనిషి. పైనుంచి రూల్సు మారాయని కబుర్లు వస్తూనే ఉండేవి, ఆయన మాత్రం గొడుగుని వదలనట్టే పాత రూల్సునీ వదల్లేదు.

గోడ గురించి రాయకు. చరిత్రలో అన్నీ రాయరు. వదిలెయ్యి.

కుళాయి మార్పించావా? నాకెప్పుడూ చెప్పలేదే. అప్పటికే నేను ఊరు వదిలి వచ్చేశాననుకుంటా. ముందు అది సరిగ్గా ఎక్కడుండేదో నీకు గుర్తుందా? ఊరికే అడిగాను.

మోకాలు అలాగే ఉంది. మెట్లు దిగి ఆరు నెలలైంది. మరదల్ని అడిగానని చెప్పు.

అక్క.


గుడి ఆఫీసు గది,
జూలై ఇరవై తొమ్మిది.

అక్కకి,

అంతా అయిపోయింది. విచారణని కలిపేశారు. నేను ఎనభై రెండో పేజీ రాస్తుండగా కాగితం వచ్చింది. చిన్న ఫాదర్ చదివి నా బల్ల మీద పెట్టి, గుడిలోకి వెళ్లి కూర్చున్నాడు. ఆయన్ని ఓదార్చడానికి వెళ్లి నేనూ పక్కన కూర్చుండిపోయాను. అక్టోబరులో కట్టడం కూల్చి, ఆ స్థలంలో నర్సింగ్ విద్యార్థినులకి హాస్టలు కడతారట. మంచి పనే. తిట్టడానికి కూడా వీల్లేని పని పెట్టారు.

గుడి నేల కింద ఉన్న నలుగురు ఫాదర్ల సమాధుల్ని తీసి ఊరి బయట సమాధుల తోటకి మారుస్తారు. మరి వెనక గోడ పక్క పిల్లలో అని అడిగాను. బిషప్ గారి ఆఫీసు నుంచి వచ్చిన పెద్దమనిషి సమాధుల రిజిస్టరు తెరిచి, "ఇందులో ఒక్కరి పేరూ లేదే" అన్నాడు. నిజమే అక్కా, లేదు. ఇన్నేళ్లూ నేను చూడనివాణ్ణి కాను. చూసి కూడా ఎందుకని అడగలేదు.

జ్ఞానస్నానాల రిజిస్టరు తీసి మా పాప పేరు చూపించాను. గొడుగు ఫాదర్ దస్తూరీతో, "అపాయకాలంలో, నర్సు చేత" అని స్పష్టంగా ఉంది. ఆ పెద్దమనిషి చదివి ఏమన్నాడో తెలుసా? "జ్ఞానస్నానం పొందిన బిడ్డని ఆ కాలం ఫాదర్లు సమాధుల తోటలోనే పెట్టేవాళ్లు. జ్ఞానస్నానం లేని వాళ్లనే ఇలా గోడ పక్కన పెట్టేది. మీ పాప పేరు ఈ పుస్తకంలో ఉందంటే గోడ దగ్గర ఉండకూడదు. గోడ దగ్గర ఉందంటే ఈ పుస్తకంలో ఉండకూడదు. రెంటిలో ఏది నిజం?"

ఏది నిజమక్కా?

వానలకి సమాధుల తోట మునిగిందని, అందుకే ఇక్కడ పెట్టామని గొడుగు ఫాదర్ ఆ రోజు నాతో అన్నాడు. తెల్లవారుజామున ఆయనే పెట్టి వచ్చాడు. నేను గుడి మెట్ల దగ్గర నిలబడి ఉంటే, గొడుగు చాపి "అదిగో, అక్కడ" అని చూపించాడు. ఆ చూపించిన చోటే తర్వాత నేనొక రాయి పాతాను. నీ దగ్గరేమైనా రాతమూలకంగా ఉంటే మార్చుతారట. నువ్వు ఆసుపత్రిలో ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకునేదానివి, నీలం అట్టది. ఉందా?

నీ మరదలికి కూల్చుతారని తెలుసు. పాపని కూడా తీసుకెళతారనే అనుకుంటోంది. నేను కాదనలేదు.

తమ్ముడు.


అమ్మాయి వాళ్లిల్లు,
ఆగస్టు పన్నెండు.

నాన్నా,

నాలుగు కాగితాలు చింపాను. ఇదైనా పంపుతానో లేదో తెలియదు.

నోటుపుస్తకం ఉంది.

ఆ రోజు నువ్వు ఆసుపత్రి వరండాలో ఉన్నావు. మరదలు మందు మగతలో ఉంది. పాప పుట్టగానే పక్క గదిలోకి తీసుకెళ్లి, అరచేతిలో నీళ్లు పట్టి, చెప్పాల్సిన మాటలు చెప్తూ మూడుసార్లు తల మీద పోశాను. నీళ్లు తగిలితే ఎంత నీరసంగా ఉన్న బిడ్డయినా మొహం ముడుస్తుంది. మన పాప ముడవలేదు. నీళ్లు పోయకముందే నాకు తెలుసు. తెలిసే పోశాను. పోయకుండా నీ ముందుకి ఎలా రాను?

అపాయంలో ఉన్న బిడ్డకి ఎవరైనా నీళ్లు పోయొచ్చు, ఊపిరి ఉంటే చాలు. ఊపిరి లేని బిడ్డకి ఫాదరైనా పోయకూడదు. నీకు నేను చెప్పాలా ఈ రూలు, మేనమామకి పుట్టింటి సంగతులు చెప్పినట్టుంటుంది. బయటికొచ్చి నీతో "కాసేపు ఉంది, నీళ్లు పోశాను" అన్నాను. నువ్వు నా చేతులు పట్టుకుని కళ్లకద్దుకున్నావు. ఆ చేతులతోనే ఇది రాస్తున్నాను.

సాయంత్రం పూజబట్టల గదిలో గొడుగు ఫాదర్ తలుపేసి నన్ను ఒక్క మాటే అడిగాడు. "ఊపిరి ఉందా?" ఆయనతో అబద్ధం చెప్పలేకపోయాను. లేదన్నాను. అప్పటికే నువ్వు రిజిస్టరులో రాయించుకోవడానికి గుమ్మం బయట నిలబడి ఉన్నావు. ఆయన నిన్ను చూశాడు. చాలాసేపు చూసి, పుస్తకం తెరిచి రాసేశాడు. నువ్వు వెళ్లాక కలం పక్కన పెట్టి, "పుస్తకంలో రాసేశాను గానీ, తెలిసి తెలిసి సమాధుల తోటలో పెట్టలేనమ్మా, నా వల్ల కాదు" అన్నాడు. వానా లేదు, ముంపూ లేదు. మరుసటి ఏడాది ఆయన నీకు ఉద్యోగం ఎందుకిచ్చాడో ఇప్పుడైనా ఆలోచించు.

మన పాప ఒక్కతే కాదు. నేనున్న కాలంలో ముప్పై ఒక్కరు. ఆయన గొయ్యి తవ్వేవాడు, నేను పట్టుకొచ్చేదాన్ని. రాళ్లు పెట్టొద్దనేవాడు. ఎప్పటికైనా ఎవరైనా అడుగుతారేమోనని నేను మాత్రం నోటుపుస్తకంలో తేదీ, తల్లి పేరు, చోటు రాసుకున్నాను. కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, గోడ వెంట అంగలు లెక్కపెట్టుకుంటూ వెళ్లేదాన్ని. అన్నిటికీ కుళాయి నుంచే లెక్క. మన పాప పదకొండు అంగలు. నువ్వు కుళాయి మార్పించానని రాసినప్పుడు ఆ ఉత్తరం నాలుగుసార్లు చదివాను.

ఇంకొకటి. ప్రతి బిడ్డ పక్కనా ఊపిరి ఉందో లేదో రాశాను. మన పాప పక్కన కూడా నిజమే రాశాను.

తిట్టు. పడతాను.

అక్క.


ఆఫీసు గది,
ఆగస్టు చివర.

నర్సుగారికి,

ఉత్తరం అందింది.

ఎవరు జ్ఞానస్నాన పత్రం కోసం వచ్చినా పాత రిజిస్టర్లు తీయాలి. తీసిన ప్రతిసారీ మా పాప పేజీ తిప్పి చూసుకునేవాణ్ణి. ముప్పై ఆరేళ్లు. ఆ ఒక్క వాక్యం కోసమే ఈ కుర్చీలో కూర్చున్నానని ఇప్పుడు అనిపిస్తోంది. అది నా మొహం చూసి జాలిపడి రాసిన వాక్యమన్నమాట.

బిషప్ గారి ఆఫీసుకి మళ్లీ వెళ్లాను. పెట్టినవాళ్ల చేతిరాత ఉంటే ఒప్పుకుంటారట. దానితోపాటు అర్జీ మీద తల్లి సంతకం కావాలట. అర్జీకి నోటుపుస్తకంలో ఆ పేజీ జతపరచాలి. అంటే మా ఆవిడ ఆ పేజీ చదివి సంతకం పెట్టాలి. ఇన్నేళ్లూ "మన పాప దేవుడి దగ్గరే ఉందిలెండి, వదిన నీళ్లు పోసిందిగా" అని నాకే ధైర్యం చెప్పిన మనిషి. నేను ఏ మొహంతో ఆ కాగితం ఆమె ముందు పెట్టను? పెట్టకపోతే పాప హాస్టలు పునాదుల్లో పోతుంది. మింగలేను, కక్కలేను.

మిగతా ముప్పైమంది సంగతి కూడా అడిగాను. అందరి తల్లిదండ్రుల సంతకాలూ తెమ్మన్నారు. ఎక్కడని వెతకను?

కుళాయి సంగతి నేను చూసుకుంటాను. తీయించింది నేనే, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది.

పుస్తకం పంపండి.


అమ్మాయి వాళ్లిల్లు,
సెప్టెంబరు ఏడు.

నాన్నా,

'పంపండి' అన్నావు. పుట్టిన దగ్గర్నుంచి నన్ను నువ్వు అలా అనలేదు. సరే, అదీ నాకు రావాల్సిందే.

పుస్తకం రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. మన పాప పేజీ చింపేద్దామని కత్తెర కూడా తీశాను. చింపితే లెక్క పోతుంది, ఉంచితే ఆ రెండు మాటలు ఉంటాయి. 'ఊపిరి లేదు' అన్నదాన్ని కొట్టేసి 'ఉంది' అని రాద్దామా అనుకున్నాను. ఇప్పటి నా చెయ్యి వణుకుతోంది, అక్షరాలు కలవవు, ఇట్టే దొరికిపోతుంది. అడుసు తొక్కిన కాలు ఏ నీళ్లతోనూ కడగలేకపోతున్నాను. నువ్వే చూసి ఏం చెయ్యాలో చెయ్యి.

వచ్చి నేనే మరదలి కాళ్ల మీద పడదామంటే మెట్లు దిగలేను. అల్లుణ్ణి అడిగితే డాక్టరు వద్దన్నాడుగా అంటాడు. కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చుంటున్నాను.

అక్క.


గుడి ఆఫీసు గది,
అక్టోబరు మూడో వారం.

అక్కా,

ఇంతకాలం రాయనందుకు ఏమీ అనుకోకు. కోపం ఎప్పుడో పోయింది, రాయడానికే చేతులాడలేదు. ఇప్పుడంతా వరుసగా చెప్తాను.

పుస్తకం గుడి చిరునామాకి పంపుతావనుకున్నాను, నువ్వు ఇంటికి పంపావు. నేను ఆఫీసులో ఉండగా పోస్టుమాన్ నీ మరదలి చేత సంతకం పెట్టించుకుని ఇచ్చి వెళ్లాడు. నీ దస్తూరీ చూసి విప్పింది. మధ్యాహ్నం పూట ఆ పుస్తకం పట్టుకుని నేరుగా ఆఫీసులోకి వచ్చింది. చెప్పులు కూడా రెండూ రెండు రకాలు వేసుకుని వచ్చింది. బల్ల మీద ఆ పేజీ తెరిచి పెట్టింది.

"వదిన నీళ్లు పోసిందా, లేదా?" అని అడిగింది.

"పోసింది" అన్నాను.

"మాటలు చెప్పిందా?"

"చెప్పింది. కానీ అప్పటికే ఊపిరి..."

"చదివాను. నాకు చదువొచ్చు" అంది. "ఊపిరి సంగతి దేవుడు చూసుకోవాల్సింది. ఆయన చూసుకోలేదు. మీ అక్క చెయ్యగలిగింది మీ అక్క చేసింది. సంతకం ఎక్కడ పెట్టాలి?" అంది. పెట్టి వెళ్లిపోయింది. తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు కూడా మాట్లాడింది నీ గురించే. "పాపం, ముప్పై ఏడేళ్లు ఎలా మోసిందండీ ఒక్కతే" అంది. ఇది నీకు రాయమంది, అందుకే రాస్తున్నాను.

అర్జీ ఒప్పుకున్నారు. ఇంజనీరు సున్నం డబ్బా పట్టుకుని వచ్చాడు. మంచివాడే. "ఒక్క చోటు చూపించండి గుమాస్తాగారూ, గీత గీస్తాను, అక్కడ తవ్వి మట్టి మొత్తం పెట్టెలోకి ఎత్తిస్తాను" అన్నాడు. ఇన్నేళ్లకి మట్టి తప్ప ఏమీ ఉండదని ఆయన చెప్పకుండానే మాకు తెలుసు.

నీ పుస్తకం చేత్తో పట్టుకుని కుళాయి ఉండే చోటికి వెళ్లి నిలబడ్డాను. నిలబడ్డాక అనుమానం వచ్చింది. రెండడుగులు ఇటు జరిగాను. కాదనిపించి మళ్లీ అటు జరిగాను. ఆ రోజు పైపు పీకించి, చప్టా పగలగొట్టించి, గోడ పొడుగునా కొత్తగా సిమెంటు చేయించి, వెల్ల వేయించింది నేనే. ఒక్క మచ్చ లేకుండా చేయించానని మేస్త్రీని మెచ్చుకున్నాను కూడా. ఆ మేస్త్రీ లేడు, పైపుల మనిషీ లేడు. చిన్న ఫాదర్ పాత ఫొటోలన్నీ వెతికాడు. కుళాయి ఉండాల్సిన ఫొటో ఒకటి దొరికింది. దానికి సరిగ్గా అడ్డంగా మన పాటల మాస్టారు నిలబడి ఉన్నాడు, ఆయన ఆకారం నీకు తెలుసు కదా. చిన్న ఫాదరూ నేనూ నవ్వాం. నవ్వుతూనే ఫాదర్ ఆ ఫొటో తిరగేసి పెట్టాడు, ఇంక నన్ను చూడలేక.

ఒకచోటు నుంచి లెక్కపెడితే పదకొండు అంగలు మేం పెట్టిన రాయికి నాలుగు అంగలు ఇవతల పడుతుంది. ఇంకోచోటు నుంచైతే ఎనిమిది ఇవతల. పైగా అవి నీ అంగలు, నావి కావు. రాయి కిందికి మాత్రం ఏ లెక్కనా రావడం లేదు. గొడుగు ఫాదర్ మెట్ల మీద నుంచి దూరానికి చూపించాడు, నేను కళ్లనిండా నీళ్లతో చూశాను. రాయి తప్పు చోట పాతాను. మొత్తం గోడ పొడుగునా తవ్వండి అని బతిమాలాను. మిగతా వాళ్ల సంతకాలు లేకుండా వాళ్లని కదిలిస్తే తన ఉద్యోగం పోతుందన్నాడు ఇంజనీరు. అబద్ధం కాదు. సున్నం డబ్బా పట్టుకుని గంటసేపు నిలబడ్డాడు. ఒక్క చోటు చెప్పలేకపోయానక్కా. తప్పు చోట తవ్వి ఎవరి బిడ్డనో మా బిడ్డ పేరుతో తీసుకెళ్లడానికి మనసొప్పలేదు. ఆయన డబ్బా మూతపెట్టి వెళ్లిపోయాడు.

రిజిస్టర్లన్నీ రేపు కట్టలు కట్టి బిషప్ గారి ఆఫీసుకి పంపాలి. నిన్న సమాధుల రిజిస్టరులో చివర మిగిలిన పేజీలో ముప్పై ఒక్క వరుసలు రాశాను, నీ పుస్తకం చూసి. చోటు దగ్గర 'వెనక గోడ' అని రాశాను. నాకా అధికారం లేదు. చిన్న ఫాదర్ చూసి, కింద తన సంతకం పెట్టాడు. ఆయనకీ లేదు. ఎవరూ ఆ పుస్తకం మళ్లీ తెరవరని ఇద్దరికీ తెలుసు. చరిత్ర నూట పది పేజీలైంది, సంచిలో పెట్టి ఇంటికి పట్టుకెళ్లాను.

మొన్న ఆదివారం చివరి పూజ అయింది. ఎప్పటిలాగే నీ మరదలు కొవ్వొత్తి తీసుకుని గోడ దగ్గరికి నడిచింది. రాయి దాకా వెళ్లి ఆగిపోయి, నా వైపు తిరిగింది.

"ఎక్కడ పెట్టమంటారు?" అంది.

ఇన్నేళ్లలో ఆమె నన్ను ఆ మాట అడగలేదు. గోడంతా చూశాను. ఆమె వంగి, ఎప్పుడూ పెట్టే రాయి దగ్గరే వెలిగించింది.

"ఇక్కడ ఎవరి పాప ఉన్నా, దానికి అలవాటైపోయుంటుంది" అంది.

సోమవారం నుంచి పని మొదలుపెట్టారు.

నీ తమ్ముడు.